కాలని గుడ్డ

మా ఆయన ఓడలు విప్పే పనికి పోయేవాడు. మా ఊరు ఎల్లారెడ్డిలో ఈ మాట చెబితే ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. మాకు తెలిసిన నీళ్ళంటే నిజాంసాగర్, పోచారం ప్రాజెక్టు. ఓడను కట్టడం విన్నాం గానీ విప్పడమేంటని అడిగేవాళ్ళు. ముసలిదైన ఓడను సముద్రం నుంచి ఒడ్డుకు తోలుకొచ్చి, గ్యాస్ మంటతో ముక్కలుగా కోసి, ఇనుము ఇనుముగా, రాగి రాగిగా అమ్ముతారని నేను గొప్పగా చెప్పేదాన్ని. అంతకుమించి నాకూ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

పెళ్ళికి ముందు ఆయన దుబాయి వీసా కోసం చాలా తిరిగాడట. ఏజెంటు కనిపించకుండా పోయాక, బిచ్కుంద వైపు నుంచి మరాఠీ, హిందీ బాగా వచ్చిన ఒక మేస్త్రీ, గుజరాత్‌లో అలంగ్ అనే చోట పని ఉందని తీసుకుపోయాడు. మొదట ఇనుప పలకలు మోశాడు, తర్వాత గ్యాస్ మంటతో కోసే కట్టర్ పట్టాడు. మా పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, బిడ్డ ఇంటర్‌కు వచ్చింది. ఆయన మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి పోయే మనిషిగానే ఉండిపోయాడు.

వచ్చినప్పుడల్లా సంచుల నిండా ఓడ సామాను ఉండేది. అడుగున ఏదో తెలియని భాషలో పేర్లు రాసి ఉన్న పింగాణీ పళ్ళేలు, బరువైన ఉన్ని కంబళ్ళు, ఒకసారి గుండ్రటి గడియారం. ఓడ తెగిపోయే ముందు లోపలి సామానంతా రోడ్డు పక్క దుకాణాల్లోకి వస్తుందని, పగిలినవీ మిగిలినవీ వీళ్ళకు దొరుకుతాయని చెప్పేవాడు. మా గల్లీలో ఎవరింట్లోనూ లేని వస్తువులు మా ఇంట్లో ఉండేవి. నాకు అది బాగుండేది.

ఆయన కథలు కూడా చెప్పేవాడు. పున్నమికీ అమావాస్యకూ సముద్రం పొంగినప్పుడు ఓడను పూర్తి వేగంతో ఒడ్డు మీదికి ఎక్కిస్తారట. నీళ్ళు వెనక్కి పోయాక మోకాలి లోతు బురదలో నడిచి, తాళ్ళ నిచ్చెన ఎక్కి పైకి పోవాలి. కోసిన పలక ఎటు పడుతుందో కిందవాళ్ళు అరుపును బట్టే తెలుసుకోవాలి. ఒకసారి ఇంటి గోడంత పలక ముందరే పడి, బురద ఎగిరి మొహం నిండిపోతే తోటివాళ్ళు తనను గుర్తుపట్టలేదని నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఇంకోసారి, టాంకీలో మిగిలిన నూనెకు నిప్పంటుకొని తన ఖోలీలో, అంటే వాళ్ళుండే గదిలో, తనతో ఉండే ఒక అతను కాలిపోయాడని చెప్పాడు. ఆస్పత్రి చాలా దూరమట. దారిలోనే ప్రాణం పోయిందట. అది చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. నేను మాత్రం, క్రితంసారి అడిగిన దుప్పటి తెచ్చావా అని అడిగాను. ఆ మాట ఎందుకు గుర్తుండిపోయిందో నాకు తెలియదు, కానీ పోవడం లేదు.

అట్లా వచ్చిన సామానులోనే ఒకసారి ఆ గుడ్డ వచ్చింది. తెల్లగా, దళసరిగా, చేతికి మెత్తగా ఉండేది. ఓడ ఇంజను గదిలో వేడి పైపులకు చుట్టి ఉంటుందట. మా ఆయన దాన్ని పొయ్యి మంట మీద పట్టి చూపించాడు. ఎంతసేపు పట్టినా కాలలేదు, నల్లబడను కూడా లేదు. మా అత్తమ్మ నోరు తెరిచి చూసింది. పక్కింటివాళ్ళను నేనే పిలుచుకొచ్చి మళ్ళీ మళ్ళీ మంట మీద పట్టించాను. మరుసటిసారి వచ్చేటప్పుడు ఇంకొంచెం పట్టుకురమ్మన్నాను. పెద్ద ముక్కే తెచ్చాడు.

దాన్ని నేను కత్తెరతో కోసి పంచాను. ఒక ముక్క మా వంటింట్లోకి. అత్తమ్మ దాంతోనే గిన్నెలు దించేది, పని అయ్యాక గోడకేసి కొట్టి దులిపేది. ఒకటి కామారెడ్డిలో ఉన్న మా అక్కకు. అక్క బీడీలు చేస్తుంది. చలికాలం చాట ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే ముందర కుంపటి ఉంటుంది, ఆ కుంపటి కింద పరుచుకోమని ఇచ్చాను. మూడోది ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల బండి పెట్టుకునే అవ్వకు. గాలికి ఆమె స్టవ్ ఆరిపోతుండేది, చుట్టూ అడ్డం కట్టుకొమ్మని ఇచ్చాను. ఆమె నాకు ఆ రోజు బజ్జీలు పొట్లం కట్టి ఇచ్చింది. ఇంత మంచి వస్తువు ఊరికే ఇచ్చానని చాలా రోజులు అందరితో చెప్పుకుంది.

తర్వాత కొన్నేళ్ళకు మా ఆయన సెలవు కాకుండానే ఇంటికి వచ్చాడు. దగ్గు. బస్టాండు నుంచి ఇంటికి నడవడానికి మధ్యలో రెండు చోట్ల కూర్చున్నాడు. కామారెడ్డిలో చూపిస్తే మొదట నిమ్ము చేరిందన్నారు, తర్వాత క్షయ అనుకొని పరీక్షలు చేశారు. అదీ కాదని తేలాక హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి రాశారు.

అక్కడి డాక్టరు ఛాతీ స్కాన్ చూస్తూ, ఏం పని చేస్తావని అడిగాడు.

"ఓడలు కోస్త సార్," అన్నాడు మా ఆయన.

డాక్టరు స్కాన్ పక్కన పెట్టి ఆయన వైపు తిరిగాడు. "పైపులకు తెల్లగా దూదిలాంటిది చుట్టి ఉండేదా?"

"ఉండేది సార్. అది పీకినంకనే కోసేది."

"చేతులతోనే పీకేవాళ్ళా?"

"చేతులతోనే. ఖోలీలల్ల పండేది గూడ దాని మీదనే సార్. మెత్తగుండేది."

డాక్టరు చాలా నిదానంగా చెప్పాడు. దాన్ని రాతినార, ఇంగ్లీషులో ఆస్‌బెస్టాస్ అంటారట. దులిపినప్పుడల్లా కంటికి కనబడని సూదుల్లాంటివి గాలిలో లేస్తాయట. లోపలికి పోయినవి మళ్ళీ బయటికి రావు, ఊపిరితిత్తి వాటి చుట్టూ గట్టిపడుతుంది. కోసేటప్పుడు ఓడ రంగుల్లోంచి వచ్చిన పొగ కూడా తన పని తాను చేసింది. గట్టిపడినదాన్ని మెత్తగా చేసే మందు లేదు. ఇంకా గట్టిపడకుండా జాగ్రత్త పడాలి, ఆ పని మానేయాలి.

మా ఆయన తల ఊపుతున్నాడు. నాకు మాత్రం అత్తమ్మ గుడ్డను గోడకేసి కొట్టే చప్పుడు వినిపిస్తోంది.

"సార్, ఆ గుడ్డ ఇంట్ల ఉంటే?" అన్నాను.

"ఎవరింట్లో?"

"ఎవరింట్లనైనా."

డాక్టరు దాన్ని తడిపి, దులపకుండా, ప్లాస్టిక్ సంచిలో కట్టేయమన్నాడు. వాడినవాళ్ళందరికీ జబ్బు రావాలని లేదన్నాడు. వస్తే చాలా ఏళ్ళ తర్వాత కూడా రావచ్చన్నాడు. ఇప్పుడు ఏమీ లేదంటే ఎప్పటికీ లేదని అర్థం కాదన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు మేడ్చల్ దాటాక ఆయనే అన్నాడు, "తెచ్చింది నేను. నీదేమున్నది?"

"నేను అడిగితెనే గద తెచ్చినవు. పంచింది నేను."

"నీకు తెలుస్తే అడుగుదువా, నాకు తెలుస్తే తెద్దునా?" అని కిటికీ వైపు తిరిగాడు. ఆ మాట నిజమే. నిజమైనా దాంతో నా గుండె బరువు తగ్గలేదు. ఏళ్ళ తరబడి ఆ గుడ్డ మీదే పడుకున్న మనిషి నన్ను ఓదార్చవలసి వచ్చిందే అని ఇంకా సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఏనాడూ, నువ్వు ఎక్కడ పడుకుంటావు, దేని మీద పడుకుంటావు అని నేను అడగలేదు.

ఇంటికి రాగానే మా వంటింటి ముక్కను బకెట్ నీళ్ళలో వేశాను. అత్తమ్మకు విషయం చెబితే, బీడీల తంబాకు పీల్చిన పాణం ఇది, గీ గుడ్డకు పోతదా అంది. ఆమె కూడా చిన్నప్పటి నుంచీ బీడీలు చేసిన మనిషి, తంబాకు దగ్గు ఉండనే ఉంది. ఆ దగ్గులో ఏది దేనిదో ఎవరు చెప్పగలరు? ఇప్పుడు ఆమె దగ్గినప్పుడల్లా నేను పని ఆపి వింటాను.

బజ్జీల అవ్వ దగ్గరికి మర్నాడే పోయాను. గుడ్డ కావాలన్నాను. ఎందుకని అడిగింది. పాతదైపోయింది, రేకు తెచ్చి కడతాను అని చెప్పాను. నిజం నోటి దాకా వచ్చింది, కానీ ఆమె చుట్టూ గిరాకీ నిలబడి ఉంది. గిరాకీని సాకుగా పెట్టుకున్నానని నాకు అప్పుడే తెలుసు. నూనె కారి గట్టిపడిన ఆ ముక్కను విప్పి తడిపి తెచ్చుకున్నాను. చెప్పినట్టే రేకు కట్టించాను. ఆ తర్వాత బస్టాండుకు పోవలసి వస్తే రోడ్డుకు అటు పక్క నుంచి నడిచేదాన్ని. ఆమె అక్కడి నుంచే చెయ్యెత్తి పిలిచేది.

కామారెడ్డికి పోవడానికి ఇంకా ఆలస్యం చేశాను. ఆయన మందులు, బిడ్డ పరీక్షలు అని వాయిదా వేశాను. చివరికి ఒక పొద్దున పోతే అక్క వాకిట్లో కూర్చొని ఆకు కత్తిరిస్తోంది. చలికాలం ఇంకా రాలేదు కాబట్టి గుడ్డ అటకెక్కి ఉంది. సగం ముక్కే ఉంది.

"తక్కిన సగం ఏదక్కా?"

"నాతోని బీడీలు చేసేటామెకు ఇచ్చిన. ఏందే, గట్ల జేస్తున్నవు?"

చెప్పాను. డాక్టరు చెప్పిన మాటలు ఏవీ తగ్గించకుండా చెప్పాను. అక్క కత్తెర కింద పెట్టింది. పొద్దున్నే దాన్ని వాకిట్లో దులిపేదాన్నని, పిల్లలు అక్కడే పండ్లు తోముకునేవాళ్ళని అంది.

"దవఖాన్ల తెలిసి ఎన్ని దినాలాయె?" అని అడిగింది.

నెల దాటిందని చెప్పాను. అక్కకు అప్పుడు కోపం వచ్చింది. గుడ్డ ఇచ్చినందుకు కాదు. "తెల్వక ఇచ్చినవు, సరే. తెలిసినంక నెల దినాలు ఇంట్ల ఎట్ల కూసున్నవే?" అంది. ఆ రోజు అన్నం పెట్టింది గానీ తను తినలేదు.

తక్కిన సగం తీసుకున్నామె అప్పటికే కాపురం మాచారెడ్డికి మార్చింది. అక్కా నేనూ కలిసి పోయాం. ఆమె మమ్మల్ని చూసి సంతోషపడింది, చాయ్ పెట్టింది. విషయం చెప్పి గుడ్డ అడిగితే, ఇల్లు మారేటప్పుడు పాత సామానులో పోయిందంది. చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్ళు పట్టుకుపోయారో, చెత్తలో పడిందో ఆమెకు తెలియదు. ఎవరి చేతుల్లో పడిందో నాకూ ఎప్పటికీ తెలియదు.

తెచ్చిన ముక్కలను ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. చెత్త బండికి వేద్దామని సంచి చేతిలో పట్టుకొని గల్లీలోకి వచ్చాను. బండి మీద మనిషి ఉత్త చేతులతో ఒక్కో సంచీ చింపి, సీసాలు వేరు చేస్తున్నాడు. నేను సంచి వెనక్కి తెచ్చుకున్నాను. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, ఇంటి వెనక లోతుగా తవ్వి పాతిపెట్టాం. తవ్వుతుంటే మా ఆయనకు ఆయాసం వచ్చింది. పార నేను తీసుకున్నాను.

ఆయన ఇప్పుడు ఎల్లారెడ్డిలోనే ఒక హార్డ్‌వేర్ దుకాణంలో కూర్చొని అమ్మే పని చేస్తున్నాడు. ఎక్కువ నడవలేడు. మెట్లెక్కలేడు. కొంతకాలం ఓడల ఒడ్డు మాటే ఎత్తలేదు. ఒక ఆదివారం ఫోన్ తీసి, తనతో జోడీగా కట్టర్ పట్టిన ఒడియా అతనికి చేశాడు. హిందీలో అంతా చెప్పాడు. పీకేటప్పుడు తడపండి, మొహానికి తడిగుడ్డ కట్టుకోండి, దాని మీద పడుకోకండి అన్నాడు. ఈ మధ్య కొన్ని యార్డుల్లో టోపీలు, మాస్కులు ఇస్తున్నారని అవతలి వాడు చెప్పాడట. తమ ఖోలీలో మాత్రం కింద అంతా తేమే, దాని మీద పడుకోకపోతే మరి దేని మీద పడుకోవాలి అని అడిగాడట. మరునాడు మా ఆయన ఇంట్లో ఉన్న ఓడ కంబళ్ళన్నీ మూట కట్టి అతనికి పార్సిల్ చేయించాడు. అవి చాలవని ఆయనకూ తెలుసు.

ఆ మూట కట్టడం చూశాక నేను బజ్జీల అవ్వ దగ్గరికి పోయాను. ఈసారి మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ. పక్కన కూర్చొని చెప్పాను. గుడ్డ పాతదైపోయిందని ఆ రోజు అన్నది అబద్ధమని కూడా చెప్పాను.

అవ్వ స్టవ్ చిన్నగా చేసింది. "నాకేమైనా గాని బిడ్డా. మా మనుమడు ఈ బండి కిందనే పండి పెరిగిండు," అంది. తర్వాత పిండి కలుపుకోవడం మొదలుపెట్టింది. నేను ఇంకా కూర్చునే ఉంటే, "పో ఇగ," అంది.

అక్క, అక్క పిల్లలు, అత్తమ్మ, మా బిడ్డ, నేను, అందరం ఒక్కొక్కరుగా ఛాతీ ఫోటో తీయించుకున్నాం. అవ్వనూ మనుమణ్ణీ రమ్మని అక్క చేత చెప్పించాను. వచ్చారు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా అవ్వ వెనక్కి పోయి కూర్చుంది. ఎవరికీ ఏమీ కనబడలేదు. డాక్టరు మొదట చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు, ఏడాదికోసారి చూపించుకోండి అని.

ఆ తర్వాత అవ్వ నన్ను చెయ్యెత్తి పిలవలేదు. నేను ఇప్పుడు ఆమె బండి ముందు నుంచే నడుస్తున్నాను, ఆమె తల ఎత్తదు. ఎత్తాలని నేను అడగను. మొన్న ఏడాది తిరిగేసరికి ఆమే మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. నా మొహం చూడకుండా, తులసి గద్దె వైపు చూస్తూ అడిగింది.

"దవఖానకు ఎప్పుడు పోవాలె?"

సోమవారం పోదామని చెప్పాను. మనుమణ్ణి బడి మాన్పించి తీసుకొస్తానని చెప్పి వెళ్ళిపోయింది.