చెంగమ్మ మడి

మద్రాసు తొండియార్‌పేటలో చెంగమ్మను ఆ వీధివాళ్లు చాలా ఏళ్లు "మడి చెంగమ్మ" అని పిలిచారు. ఆమె పని చూస్తే మడికీ ఆమెకూ ఏ పొత్తూ కుదరదు. పొద్దున్నే కొత్తవాల్ చావిడి దగ్గరి మిరపకాయల మండీకి వెళ్లి, సాయంత్రం దాకా గోతాల మధ్య కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీసేది. ఆ పేరెలా వచ్చిందని అడిగితే నవ్వి, నాకు పీట వేసి, తీరిగ్గా చెప్పింది.

అది యాభై మూడో, యాభై నాలుగో సంవత్సరం. కూతురు కోకిల అప్పటికింకా బడికి పోవడం లేదు. పగలంతా నాయనమ్మ అమ్మణి దగ్గర చక్కగా ఆడుకునే పిల్లకు, దీపాలు పెట్టే వేళకు గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. డొక్కలెగరేస్తూ, పడుకోలేక గోడకానుకుని కూర్చునేది. జ్వరం లేదు, జలుబూ లేదు. తాయెత్తు కట్టించారు, తమలపాకు రసం పోశారు. ధర్మాసుపత్రి డాక్టరు చూసి, "ఉబ్బసం కావచ్చు. ఇంత చిన్నబిడ్డకు అదేనని ఇప్పుడే చెప్పలేను. ఎప్పుడొస్తుందో, ఎప్పుడు రాదో కనిపెట్టి చూడమ్మా" అని మాత్రలిచ్చాడు.

కనిపెట్టి చూసింది అత్త.

"నువ్వు గడప తొక్కితే చాలు, బిడ్డకు ఊపిరాడదు. ఏ గాలినో కొంగున కట్టుకోని వస్తా ఉండావు" అంది అమ్మణి.

"ఆ మాటకు ఆ పొద్దు అన్నం దిగలేదన్నా" అంది చెంగమ్మ నాతో.

అంతలో మండీ యజమాని తల్లి పోయింది. కర్మలు అయ్యేదాకా మండీ మూశారు. చెంగమ్మ ఇంటిపట్టునే ఉంది, కోకిల ఆమెను వదలకుండా తిరిగింది. పిల్లికూత ఒక్కటి లేదు! మండీ తెరిచిన రోజు సాయంత్రం పిల్ల పరుగెత్తుకొచ్చి, ఎప్పటిలాగే అమ్మ కొంగులో ముఖం దాచుకుంది. కాసేపటికే ఆయాసం. చెంగమ్మ తన కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. రోజంతా మిరప ఘాటులోనే ఉండే మనిషికి తెలియలేదు గానీ, పక్కనున్న అమ్మణికి తుమ్ము వచ్చింది.

"అత్తా, నువ్వు చెప్పిందే నిజం. కొంగులోనే ఉండాది."

మర్నాటినుంచి పక్కింటి లూర్దుమేరి గుడిసెలో ఒక ఉతికిన చీర పెట్టుకుంది. మండీనుంచి వస్తూనే కొళాయి దగ్గర తలమీదుగా నీళ్లు పోసుకుని, చీర మార్చి, ఆ తర్వాతే ఇంటికి. దారిలో ఎవరు పలకరించినా దూరంగా ఉండమనేది. వీధి ఊరుకుంటుందా?

"ఏం చెంగమ్మక్కా, అయ్యరింటి మామి అయిపోతివే! మమ్మల్ని తాకితే మైలా?" అంది లూర్దుమేరి.

"అవునే. ఆ బిందె అట్ట జరుపు, మడి చెడుతుంది!"

బయటివాళ్ల ఎగతాళి నవ్వులో పోయింది. పిల్లతోనే కష్టమైంది. చేతులు చాచి వచ్చే బిడ్డను "తాకొద్దు!" అని అరిస్తే ఏడ్చేది, ఏడుపుతోనే ఆయాసం వచ్చేది. చివరకు అత్తే దారి చూసింది. కోడలు వచ్చే వేళకు పిల్లను చంకనేసుకుని, రైళ్లు చూపించే వంకతో రైలుగేటు దగ్గరికి తీసుకుపోయేది.

"అంతటితో ఆయాసం పోయిందా?" అడిగాను.

"యాడ పోతాదన్నా! ముసురు పడితే మళ్లీ వస్తానే ఉండె. ఉబ్బసమేనని డాక్టరూ ఆఖర్న చెప్పేసినాడు. అయితే దినామూ సాయంత్రం వచ్చేది మాత్రం నిలిచిపాయ."

కోకిల అలక తీరడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. రైలు చూసి వచ్చాక వెంటనే అమ్మ దగ్గరికి పోయేది కాదు. నాయనమ్మ వెనకే నిలబడి చూసేది. ఒకరోజు తనే మెల్లగా వచ్చి, చెంగమ్మ తడి భుజం వాసన చూసి, "ఇప్పుడు రావచ్చునా?" అని అడిగింది. ఒళ్లోకి తీసుకుంటే అక్కడే నిద్రపోయింది. పొయ్యిమీద అన్నం పొంగుతున్నా చెంగమ్మ లేవలేదు. ఆ చిన్న వీపు మీద చెవి ఆనించి వింటూ కూర్చుంది.