ఖుర్సీపార్‌లో తగ్గిన నాలుగు సెంటీమీటర్లు

ఈ వేసవిలో మా ఆయన శేఖర్‌కు నడుం పట్టేసింది. మూడు వారాలు మంచం మీదే ఉన్నారు. డిస్కు జరిగిందనీ, ఇకమీదట బరువులు ఎత్తకూడదనీ డాక్టరు చెప్పినప్పుడు ఆయన నా వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు. ఆ బరువు నేనే. నాలుగేళ్ల కిందట వెన్నుకు దెబ్బ తగిలినప్పటి నుంచి నేను చక్రాల కుర్చీలో ఉన్నాను. రాయపూర్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తాను. చేతులతోనే బ్రేకు, యాక్సిలరేటరు వేసేలా మార్పించుకున్న కారు ఉంది, నేనే నడుపుకుంటాను. కానీ కుర్చీలోంచి కారు సీటులోకి మాత్రం శేఖరే ఎత్తి కూర్చోబెట్టేవారు. ఆయన నడుం పోయాక కారుకు దుమ్ము పట్టింది. నేను ఇంట్లోంచే పని చేస్తూ, బాల్కనీలోంచి ఆ దుమ్మును చూస్తూ రెండు నెలలు గడిపాను.

నాకు వ్యాయామం చేయించే థెరపిస్టు ఒకరోజు టేపు తెచ్చి కొలిచింది. నేను కూర్చున్నాక కుర్చీ సీటు నేల నుంచి యాభై ఒక్క సెంటీమీటర్లు, కారు సీటు యాభై తొమ్మిది. మధ్యలో ఎనిమిది. రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటే, మధ్యలో నున్నటి చెక్క వేసుకుని చేతుల బలంతో నేనే జరిగిపోవచ్చంది. పక్కకు తిరిగే సీట్లు దొరుకుతాయి గానీ మా కారుకు సరిపడేది లేదన్నారు. మిగిలింది కారును కిందికి దించడం. మా ఆఫీసులో ఒకతని తమ్ముడు తన కారును నేలకు ఆనేంతగా దించించుకుని ఫొటోలు పెడుతుంటాడు. ఎవరు చేశారని అడిగితే భిలాయిలో ఎస్తేరు అనే తెలుగమ్మాయి పేరు చెప్పాడు. ఫోన్‌లో మాట్లాడాను. ముందు రవాణా ఆఫీసులో నా వైకల్య ధ్రువపత్రం చూపించి, కారులో మార్పుకు అనుమతి తెచ్చుకోమంది. కాగితం చేతికి వచ్చేదాకా ఏ రోజు రావాలో చెప్పలేదు. అక్కడే ఆ అమ్మాయి మీద నాకు నమ్మకం కుదిరింది.

శనివారం ఉదయం ఏడున్నరకు బయలుదేరాం. నన్ను కారెక్కించడానికి పై అంతస్తు అన్నదమ్ములిద్దరు వచ్చారు. మంచివాళ్లే. కానీ పరాయి మగవాళ్లు చంకల కింద చేతులు వేసి ఎత్తుతుంటే ఎటు చూడాలో తెలియదు. టాటీబంధ్ కూడలి దాటితే భిలాయి దాకా తిన్నని రోడ్డే. శనివారం పొద్దున లారీలు తక్కువ. కుమ్హారీ, చరోదా దాటి, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ ఎనిమిదిన్నరకల్లా భిలాయిలో ఎస్తేరు షెడ్డున్న ఖుర్సీపార్ చేరాం. మెయిన్ రోడ్డు వదిలితే సందులు ఇరుకు. కుర్చీతో వచ్చేవాళ్లు కారును షెడ్డు గుమ్మం దాకా తీసుకెళ్లడం మేలు, ఎందుకంటే సందులో కాలువ మీద పలకలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

షెడ్డులో ఇద్దరే. ఎస్తేరుకు ముప్ఫై ఏళ్లుంటాయి, చేతులకు గ్రీజు, చెవులకు చిన్న బంగారు దుద్దులు. ఆమె నాన్న దానియేలు గారు స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా రిటైరయ్యారు. విజయనగరం వైపు నుంచి కుర్రతనంలో వచ్చారట. ఒక మూల, లోహాన్ని గిర్రున తిప్పుతూ చెక్కే లేతు మిషను పెట్టుకుని కూతురికి కావలసిన ముక్కలు చేసిస్తుంటారు.

ఆయన ముందు శేఖర్‌ను చూసి, "ఏటి బాబూ, మీకూ స్టైలు కావాలేటి? ఈ వయసులో?" అన్నారు.

"నాన్నా, ఫోన్‌లో చెప్పేను కదా, ఆ దీదీ. ఇది స్టైల్ కేసు కాదు," అంది ఎస్తేరు.

ఆయన కారులోకి వంగి నన్ను చూశారు, డిక్కీలో మడిచి ఉన్న కుర్చీని చూశారు. "అయ్యో, తప్పుగా అనీసేనమ్మా. దిగండి, ముందు టీ తాగండి," అన్నారు. దించడానికి మళ్లీ ఇద్దరు కావలసి వచ్చింది. ఎస్తేరు ఒక వైపు, పక్కన భోజనాల కొట్టు నడిపే రత్నమ్మ గారు ఇంకో వైపు. ఆడవాళ్లే దించినందుకు నాకు ప్రాణం తేలికపడింది.

ఈ పని తెలియనివాళ్లకు రెండు మాటలు. కాయిలోవర్ అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఒకే గొట్టంలా ఉండే సామాను. దానిమీది మరను తిప్పి కారు ఎత్తును తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. నాలుగు చక్రాలకూ సెట్టు మాకు నలభై ఎనిమిది వేలు పడింది, బిగింపు కూలి ఆరు వేలు. తొమ్మిదింటికి కారు జాకీల మీదికి ఎక్కింది. ముందు చక్రాలు బిగించేసరికి ఒక చిక్కు వచ్చింది. కొత్త గొట్టం పాతదానికన్నా లావు కావడంతో టైరు లోపలి అంచుకూ దానికీ మధ్య వేలు కూడా దూరడం లేదు. చక్రాన్ని కాస్త బయటికి జరపాలి. దానికి హబ్బుకూ, అంటే చక్రాన్ని బిగించే ఇరుసు దిమ్మకూ, చక్రానికీ మధ్య వేసే లోహపు బిళ్లను స్పేసర్ అంటారు.

ఎస్తేరు అలమారలోంచి మందపాటివి రెండు తీసింది. దానియేలు గారు తల అడ్డంగా ఊపారు.

"ఇరవై మిల్లీమీటర్లా? వొద్దు. బేరింగు మీద బరువు పడిపోతాది. ఐదు చాలు. నేను తిప్పీసి ఇస్తాను."

"నాన్నా, గంట పడుతుంది."

"పట్టనీ. ఈ పిల్ల కాలితో బ్రేకు తొక్కలేదు గదా. చక్రం వొణికితే చేత్తో ఎన్నని పట్టుకుంటాది?"

ఎస్తేరు మందపాటివి మళ్లీ అలమారలో పెట్టేసింది. ఆయన అల్యూమినియం దిమ్మ లేతుకు బిగించారు. హబ్బు మీద కదలకుండా కూర్చునే అంచుతో సహా రెండు బిళ్లలు తిప్పారు. పొడవాటి బోల్టులతో కలిపి రెండు వేల నాలుగు వందలు తీసుకున్నారు. లేతు తిరుగుతుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. ప్లాంటులో తన పనేమిటో చెప్పారు. ఎర్రగా కాలిన ఉక్కు రోలర్ల మీద నుంచి పోతుంది. ఒక రోలరు ఎత్తుగా, పక్కది పల్లంగా ఉంటే ప్లేటు వంకర తిరుగుతుంది. ఆ రోలర్ల కింద పలచని రేకులు పెడుతూ, తీస్తూ వాటిని సమం చేయడమే ఆయన ముప్ఫై మూడేళ్ల ఉద్యోగం.

పన్నెండు దాటాక కారు నేలకు దిగింది, ముందటికంటే ఆరు సెంటీమీటర్ల కిందికి. ఎస్తేరు కుర్చీని తలుపు పక్కకు తోసి, బ్రేకులు వేసింది. నేను చెక్క పరచుకున్నాను. ఒక చేయి కారు సీటు మీద, ఇంకో చేయి కుర్చీ మీద ఆనించి ఒంటిని లేపాను. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి సీటులో ఉన్నాను. ఎవరూ నన్ను ముట్టుకోలేదు. స్టీరింగు పట్టుకున్నాను. శేఖర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఎస్తేరు పక్కన కూర్చుంటే ఒక చుట్టు నడిపాను. సందు చివర స్పీడ్ బ్రేకరు దగ్గర కింద ఏదో బరబరా గీరుకుంది. మలుపు తిప్పితే మళ్లీ అదే చప్పుడు. ఆమె దిగి, వంగి చూసి వచ్చింది.

"దీదీ, టైరు పైనున్న రేకుకి, ఫెండర్‌కి, రాసుకుంటోంది. రెండు సెంటీమీటర్లు లేపాలి."

"వద్దు, ఇలాగే ఉండనివ్వండి. నెమ్మదిగా నడుపుతాను."

"టైరు కోసుకుపోతుంది దీదీ. హైవే మీద పగిలితే?"

"నా కారు కదా? ఏమైనా అయితే నాకే కదా అవుతుంది!"

గట్టిగానే అన్నాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది, కానీ మాట మార్చలేదు. "మీకు అయితే నేనే చేసినట్టు దీదీ. నేను అలా వదలను, సారీ," అంది. కారును షెడ్డుకు తిప్పాను.

నాలుగు సెంటీమీటర్ల దగ్గర మర బిగించారు. మళ్లీ ప్రయత్నించాను. ఆ రెండు సెంటీమీటర్ల తేడా ఇంత ఉంటుందని కొలిచే టేపు చెప్పదు. మొదటిసారి సగంలో జారి కుర్చీలో పడ్డాను. రెండోసారి చెక్క పక్కకు తిరిగింది, కుర్చీకీ కారుకీ మధ్య కిందికి జారిపోతుంటే శేఖర్ గబుక్కున వంగి నన్ను పట్టుకున్నారు. ఆయన నోట్లోంచి వచ్చిన మూలుగు విన్నాను. ఎస్తేరు నన్ను వెనక్కి లాగింది. ఆయన గోడకు ఆనుకుని, "ఏం లేదు, ఏం లేదు. నేను ఎత్తుతాలే, పోనీ," అంటున్నారు. నేను ఏడ్చాను. యాభై వేలు పైన పెట్టి, వారం పాటు కాగితాల కోసం తిరిగి, ఇంతదూరం వచ్చి, ఆఖరికి ఆయన మళ్లీ వంగవలసి వచ్చిందని ఏడ్చాను.

రత్నమ్మ గారు గుమ్మంలోంచి అంతా చూశారు. "ముందు తినండమ్మా. ఆకలితో ఏ పనీ అవదు," అని పళ్లేలు అక్కడికే తెచ్చారు. అన్నం, టమాటా పప్పు, బెండకాయ వేపుడు, ఒక చేప ముక్క. మనిషికి తొంభై రూపాయలు. కొట్టుకు రెండు మెట్లున్నాయి, అడిగితే బయటికే తెచ్చిస్తారు. మరుగుదొడ్డి సంగతి మాలాంటివాళ్లకు ముఖ్యం కాబట్టి చెబుతున్నాను, షెడ్డు వెనక ఎస్తేరు వాళ్లిల్లు ఉంది. గడపకు ఇనప రేకు వాలుగా వేసి కుర్చీని లోపలికి తీసుకెళ్లింది. నేను ఇంకా ముభావంగానే ఉన్నాను. ఆమె తలుపు దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడి, "నా మీద కోపమేనా?" అని అడిగింది. "నీ మీద కాదమ్మా," అన్నాను. నిజంగానే కాదు.

తిరిగి వచ్చాక దానియేలు గారు నా చక్రాల కుర్చీ ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నారు. నన్ను రత్నమ్మ గారి ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చమని కూతురితో చెప్పి, నా కుర్చీలోని మెత్తను తీసి రెండు చేతులతో నొక్కారు.

"అమ్మా, ఇదెప్పుడు కొన్నావు?"

"నాలుగేళ్లయింది బాబాయ్."

"అప్పడం అయిపోనాది. కొన్నప్పుడు ఎంత మందం?"

గుర్తులేదు. ఆయన మెత్తను స్కేలుతో కొలిచారు. అంచుల్లో ఏడున్నర సెంటీమీటర్లు, నేను కూర్చునే చోట ఐదు. ఆయన ముఖం వెలిగింది.

"పొద్దున్నుంచీ కారునే దించుతున్నాం. కుర్చీని ఎందుకు లేపకూడదు? అటు కొంత, ఇటు కొంత."

ఎస్తేరు నుదురు కొట్టుకుంది. "అరే, నాన్నా! ఇది పొద్దున చెప్పాలి కదా!"

"పొద్దున నాకు తడితే గదా సెప్పడానికి."

మెయిన్ రోడ్డులో సోఫాలు కుట్టే కొట్టుకు ఎస్తేరు స్కూటరు మీద వెళ్లింది. నలభై నిమిషాల్లో అదే కొలతకు కోయించిన గట్టి ఫోము, దానికి తొడుగు తెచ్చింది, నాలుగు వందల యాభై. ఈ లోపల నేను నా థెరపిస్టుకు ఫోన్ చేశాను. ఆ ఫోము ఒకటి రెండు వారాలకు ఫరవాలేదనీ, ఒంటికి పుండ్లు పడకుండా అసలైన మెత్తను తర్వాత తెప్పించుకోవాలనీ చెప్పింది. దానియేలు గారు చెక్క కింద రెండు చివరలా రబ్బరు ముక్కలు అంటించారు, మళ్లీ తిరిగిపోకుండా.

మూడున్నరకు మళ్లీ కూర్చున్నాను. శేఖర్ పక్కకు వచ్చి రెండు చేతులూ చాచి నిలబడ్డారు. "మీరు అవతలికి వెళ్లండి," అన్నాను. వెళ్లలేదు. దానియేలు గారు ఆయన భుజం మీద చేయి వేసి, "రండి బాబూ, లేతు సూపిస్తాను," అని లోపలికి తీసుకెళ్లారు. ఎస్తేరు ఒక్కతే ఉంది. ఒంటిని లేపాను, కొద్దిగా జరిగాను, ఆగాను. మళ్లీ లేపాను. చెక్క కదల్లేదు. మిగిలిన ఒకటిన్నర సెంటీమీటర్లు చేతులకు తెలిశాయి గానీ అడ్డం కాలేదు. సీటులో పడ్డాక కాళ్లను ఒక్కొక్కటిగా లోపలికి తీసుకుని తలుపు వేసుకుని హారన్ కొట్టాను. లోపలి నుంచి ఇద్దరు మగవాళ్లూ పరుగెత్తుకు వచ్చారు. ఒకరు పరుగెత్తకూడని మనిషి.

మెయిన్ రోడ్డులోనే చక్రాల అలైన్‌మెంటు చేయించాం, ఎనిమిది వందలు, అరగంట. స్పీడ్ బ్రేకరు మీద నుంచి రెండుసార్లు పోనిచ్చి చూశాం, ఎక్కడా గీరుకోలేదు. హెడ్‌లైట్లు కూడా సరిచేసింది ఎస్తేరు. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక వచ్చి బోల్టులు బిగింపు చూపించుకోవాలని నాతో రెండుసార్లు చెప్పించుకుంది. బయలుదేరేముందు కిటికీలోంచి ఆమె చేయి పట్టుకుని, మధ్యాహ్నం అరిచినందుకు క్షమించమన్నాను. "దీదీ, కుర్రాళ్లు ఇంకా దించు, ఇంకా దించు అని రోజూ అరుస్తారు. అలవాటే," అని నవ్వింది.

కుమ్హారీ దగ్గర రోడ్డు పక్కన టీ దుకాణం కనిపించింది. ఐదుంబావు అయింది, ఎండ చల్లబడింది. కారు ఆపాను. ప్రయాణంలో నేను టీ తాగడానికి దిగి నాలుగేళ్లయింది. ఒక్క టీ కోసం ఎవరినో ఎత్తమని, మళ్లీ ఎక్కించమని అడగడం ఎందుకని, కిటికీలోంచి అందుకుని తాగడమే అలవాటు. ఆ రోజు శేఖర్ కుర్చీ విప్పి పక్కన పెట్టారు, అంతే. దిగాను. బెంచీ పక్కన కూర్చుని, అల్లం దంచుతున్న ఆవిడతో ధరలు, వానలు మాట్లాడుతూ రెండు కప్పులు తాగాను. మూడోది కూడా తాగేదాన్నే, శేఖర్ వద్దన్నారు.

ఈ ప్రయాణం మొత్తం కలిపి డెబ్బై కిలోమీటర్లు కూడా లేదు. చూసిన వింతలు లేవు. నడుం పోయింది ఆయనకే అయినా, ఈ రెండు నెలలూ ఆయన నాకు అపరాధిలా తిరిగారు. నేను ఆయనకు భారంలా ముడుచుకున్నాను. ఇద్దరం ఒకరినొకరు కష్టపెట్టకూడదని మాటలు తగ్గించుకున్నాం. ఇప్పుడు ఆఫీసుకు నేనే వెళ్లి వస్తున్నాను. కుర్చీ మడిచి డిక్కీలో పెట్టడం, తీసివ్వడం మాత్రం ఇక్కడా అక్కడా వాచ్‌మన్లు చేస్తారు. సాయంత్రం నేను వచ్చేసరికి ఆయన గుమ్మంలో ఎదురుచూడటం లేదు, లోపల ఏదో పనిలో ఉంటున్నారు. "వచ్చావా?" అని అక్కడి నుంచే అడుగుతున్నారు. ఆ మాట అంత మామూలుగా వినపడటం నాకు బాగుంది.

మీరూ ఇలాంటి పని పెట్టుకుంటే ఒక్కటి చేయండి. సామాను కొనకముందే సమనేల మీద కారు సీటు ఎత్తునూ, మీరు కూర్చున్నాక కుర్చీ ఎత్తునూ కొలవండి. మెత్త పాతబడి ఉంటే ముందు అది మార్చి, ఆ తర్వాత మిగిలిన తేడాకే కారును దించండి.