తాడు తగిలితే వెనక వరస

కుర్చీల మామ్మ నిలబడినా కూర్చున్నట్టే ఉంటుంది. ఈ మాట ఆవిడ మొహం మీద అన్నవాళ్ళు బతికే ఉన్నారు గానీ, ఆ ఏడు వేసవిలో ఒక్క ఆటా సుఖంగా చూడలేదు. ఎందుకంటే ఈ సముద్రపు ఒడ్డున ఎండాకాలంలో పడవల పందెం పెట్టినా, పాటల పోటీ పెట్టినా, ఇసుకలో తెర కట్టి సినిమా వేసినా కుర్చీలు మామ్మవి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే నోరూ మామ్మదే.

ఒడ్డు పొడుగునా ఉన్న ఊళ్ళన్నిటికీ కలిపి వేసవి సంబరాల సంఘం అని ఒకటుంది. బడులు మూసేసిన దగ్గర్నించి మొదటి వాన పడేదాకా వారానికో ఊళ్ళో సంబరం. మామ్మ కుర్చీలు వ్యానెక్కి ఊరూరా తిరిగొస్తాయి. తతిమ్మా నెలలంతా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చుని మామ్మ తిట్లు వింటుంటాయి. ఉప్పుగాలికి ఇనప కాళ్ళు తుప్పు పడితే గరుకు కాగితం పెట్టి రుద్దుతూ, "ఒళ్ళు వంచి పనిచేసేది వేసవిలోనే, అప్పుడే నొప్పులా నీకు?" అని కుర్చీని నిలదీస్తుంది. ఆ కాసేపూ నిచ్చెన తాత అటువైపు రాడు. ఆ తిట్లు కుర్చీకో తనకో ఆయనకి ఎప్పుడూ అనుమానమే.

కుర్చీల సంగతి అలా ఉంచితే, మామ్మ అసలు ఆస్తి ఒక తాడు. పడవల వాళ్ళు వాడే పసుపుపచ్చ నైలాను తాడు. ఏ ఊళ్ళో సంబరమైనా, ముందు వరసకి వెళ్ళే దారిలో రెండు కర్రలు పాతి, సరిగ్గా తన నెత్తికి బెత్తెడు పైన ఆ తాడు కడుతుంది. తల వంచకుండా, మోకాళ్ళు మడవకుండా దాని కింద నించి నడిచి వెళ్ళినవాళ్ళకి ముందు వరస. తాడు తగిలితే వెనక్కి. పిల్లలు వెళ్తారు, పొట్టివాళ్ళు వెళ్తారు, ముసలమ్మలు వెళ్తారు. నడుం వంగిన ముసలమ్మలు తల వంచినట్టు కాదా అని ఎవరో లా పాయింటు తీస్తే, "వాళ్ళు వంచారటయ్యా? వయసు వంచింది. వయసుని పిల్చుకురా, దాన్ని వెనక్కి పంపిస్తా" అంది.

ఈ పిచ్చి ఆవిడకి చిన్నప్పుడే పట్టింది. పలక పట్టుకుని బడికెళ్ళే వయసులో వాళ్ళ నాన్న గారడీ చూపిస్తానని ఒడ్డుకి తీసుకెళ్ళాడు. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా తనూ కొట్టింది. ఇంటికొచ్చాక వాళ్ళమ్మ, "ఏం చూశావే?" అనడిగితే, "నీలం చొక్కా. వీపు మీద కుట్టు ఊడింది" అని చెప్పింది. గారడీవాడు మనిషిని మాయం చేశాడట, టోపీలోంచి పావురాన్ని తీశాడట. అవన్నీ మర్నాడు బడిలో పొడుగు పిల్లలు చెప్తే తెలిసింది. ఆ ఊడిన కుట్టుని మామ్మ ఇప్పటిదాకా క్షమించలేదు.

ఇంత పట్టుదల మనిషికి దేవుడు మొగుణ్ణి ఏరి మరీ ఇచ్చాడు. నిచ్చెన తాత వీధి దీపాలు బాగుచేసే ఉద్యోగం చేసేవాడు. నిచ్చెన లేకుండానే బల్బు మారుస్తాడని ఆ పేరు. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి ఇద్దరూ కలిసి నాటకానికి వెళ్ళారు. తాడు తాత గుండెలకి తగిలింది. కట్టుకున్నవాణ్ణి కదా, చూసీచూడనట్టు వదిలేస్తుందని ఆయన నవ్వుతూ నిలబడ్డాడు.

"నవ్వులెందుకండీ? మీరు వెనక్కి" అంది కొత్త పెళ్ళికూతురు.

ఆయన వెళ్ళి చిట్టచివరి వరసలో కూర్చున్నాడు. అది మొదలు వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని ఏదీ చూడలేదు. ఇంటికి నడిచొస్తూ మామ్మ స్టేజి మీద ఎవరెవరు మాటలు మింగేశారో చెప్తుంది. జనంలో ఎవరు నిద్రపోయారో, ఎవరు ఎవరి పక్కకి జరిగారో తాత చెప్తాడు. రెండూ కలిపితే గానీ ఆ ఇంట్లో ఒక నాటకం పూర్తవదు.

ఈ ఏడు సంబరాల సంఘానికి కొత్త అధ్యక్షుడొచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ ఆయన కొడుకు. ఇప్పుడు ఫ్యాక్టరీ కూడా ఈయనదే. చిన్నప్పుడు గుండ్రంగా, బొద్దుగా ఉండేవాడని అందరూ బుడంకాయ అనేవాళ్ళు. ఊళ్ళో నాటకంతో సంబరాలు మొదలవడానికి ముందు రోజు అతను షెడ్డు దగ్గరికి వచ్చి, వంగి గుమ్మం దాటి, మామ్మ వేసిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"మామ్మగారూ, ఈసారి పద్ధతి మారుస్తున్నాం. ముందు వరసలో సోఫాలు వేస్తాం. అతిథులకీ, చందాలిచ్చినవాళ్ళకీ. మీ కుర్చీలు వాటి వెనక నించి మొదలవ్వాలి. ఆ తాడు మాత్రం వద్దు."

"సోఫాలకి వీపులు ఎంత ఎత్తుంటాయి?"

"సోఫాలంటే సోఫాల్లాగే ఉంటాయి."

"మరి పిల్లలు?"

"పిల్లలు ఎలాగోలా చూస్తార్లెండి. పెద్దమనుషుల్ని పిలిచి, వెళ్ళి వెనక కూర్చోండి అంటే బాగుంటుందా? మీకిష్టం లేకపోతే చెప్పండి, కుర్చీలు ఇచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. ఒక్క ఊరికి కాదు, ఒడ్డంతటికీ."

మామ్మ కూతురు గుమ్మంలో నిలబడి కళ్ళతో బతిమాలింది. కుర్చీలు షెడ్డులోనే ఉండిపోతే ఏడాదంతా ఇంట్లో ఏముంటుందో ఆ పిల్లకి తెలుసు. మామ్మ చేతిలోని గరుకు కాగితాన్ని మడిచింది.

"సరే నాయనా. నా కుర్చీలు సోఫాల వెనకే. తాడు కట్టను."

అధ్యక్షుడు ఇంత తొందరగా గెలుస్తాననుకోలేదు. కాస్త నిరాశగానే వెళ్ళిపోయాడు. కూతురు ఊపిరి పీల్చుకుంది. తాత మాత్రం అన్నం దగ్గర కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"ఏమే, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. తినండి. రేపు సాయంత్రం మీరు తెల్లచొక్కా వేసుకుని ముందుకి రావాలి."

"ముందుకా? నేనా?"

"తాడు లేదుగా మరి!"

మర్నాడు పొద్దున్న మామ్మ గొడుగేసుకుని ఊరు తిరిగింది. రేవులో మూటలు మోసేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వాలీబాల్ ఆడే కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళింది. గోడలకి రంగులేసే అన్నదమ్ముల దగ్గరికీ వెళ్ళింది. వాళ్ళింట్లో ద్వారబంధాలే రెండుసార్లు పైకి జరిపారు. పొట్టిదానికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా? తాడు తగిలి ఏళ్ళ తరబడి వెనక కూర్చున్న పొడుగువాళ్ళందరికీ ఆవిడ చెప్పింది ఒకటే మాట. "బాబూ, ఇవాళ నా తాడు లేదు. ఎక్కడ కావాలంటే అక్కణ్ణించి చూడొచ్చు. నాటకం మొదలయ్యే వేళకి ముందుకొచ్చేయండి."

సాయంత్రం ఒడ్డున స్టేజికి ఎదురుగా ఎర్ర సోఫాలు వేశారు. ఏనుగుల్లా ఉన్నాయి. వాటి వెనక మామ్మ కుర్చీలు ఇచ్చిన మాట ప్రకారం బుద్ధిగా నిలబడ్డాయి. పిల్లలు మొదటి కుర్చీల్లో కూర్చుని చూస్తే ఎర్ర రెగ్జిను తప్ప ఏమీ లేదు. ఒక చిన్నది, "మామ్మా, ఇదేనా నాటకం?" అనడిగింది.

"ఉండవే, ఇంకా మొదలవలేదు."

అతిథులొచ్చారు. సోఫాల్లో కూరుకుపోయారు. అధ్యక్షుడు మధ్య సోఫాలో కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు. తెర లేచింది. సరిగ్గా అప్పుడు రెండు పక్కల నించీ పొడుగువాళ్ళు వచ్చి, సోఫాలకీ స్టేజికీ మధ్య ఉన్న ఖాళీ ఇసుకలో భుజాలు భుజాలు కలిపి నిలబడ్డారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో తాత వచ్చి అధ్యక్షుడి ఎదురుగా నిలబడ్డాడు.

"తాతగారూ, కొంచెం పక్కకి జరగండి."

తాత వెనక్కి తిరిగి మర్యాదగా చెప్పాడు. "పర్లేదు నాయనా, ఇక్కణ్ణించి మొత్తం కనబడుతోంది."

వెనక కుర్చీల్లో నవ్వులు. సోఫాల్లో గుసగుసలు. ఒక అతిథి మెడ అటూ ఇటూ తిప్పి తిప్పి అలిసిపోయి, "ఏమయ్యా, వీపులు చూడ్డానికా మమ్మల్ని పిలిచావు?" అనేశాడు. స్టేజి మీద రాజు ఒక చెయ్యి పైకెత్తి, మాట మర్చిపోయి, జనాన్ని చూస్తూ ఉండిపోయాడు.

అధ్యక్షుడు లేచి విసవిసా మామ్మ దగ్గరికొచ్చాడు. వేలెడంత ఆవిడ, తాటిచెట్టంత ఆవేశంతో ఆయన. ఊరంతా నాటకం వదిలేసి ఇటు తిరిగింది.

"ఏమిటిది మామ్మగారూ? మాటిచ్చారు!"

"ఇచ్చా. నా కుర్చీ ఒక్కటైనా ముందుందా? ఎక్కడైనా తాడు కనబడుతోందా? వాళ్ళు నీ అతిథుల్లాంటి మనుషులే. వాళ్ళకీ ముందు నించి చూడాలనుంది."

"వాళ్ళు నిలబడితే మాకెలా కనబడుతుంది?"

"ఎలాగోలా చూడండి. పిల్లలకి నువ్వు చెప్పిన ఉపాయమేగా!"

ఆయన మొహం సోఫా రంగుకి తిరిగింది. మర్యాద ఊడి పడిపోయింది. "నీకు మొదట్నించీ నా మీద కసి! ఆ రోజు గుర్తులేదనుకున్నావా? ఏడో తరగతి సెలవుల్లో పొడుగైపోయాను. అంతకు ముందు ఏడాదిదాకా ముందు వరసలోనే కూర్చున్నా. ఆ ఏడు వచ్చేసరికి నీ తాడు నా నుదుటికి తగిలింది. అందరి ముందూ వెనక్కి పొమ్మన్నావు. నా స్నేహితులందరూ ముందే ఉన్నారు. అందరూ నవ్వారు!"

మామ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. కన్నీళ్ళు రాకుండా పెదవి కొరుక్కున్న ఒక కుర్రాడు, పొట్టైపోయిన నిక్కరు. తప్పయిందనడానికి అదే మంచి సమయం. ఇంకెవరైనా అయితే అనేవాళ్ళే. కానీ మామ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"పంపాను. మళ్ళీ పంపుతా. కట్టుకున్నవాణ్ణే పంపినదాన్ని, నువ్వో లెక్కా? నువ్వు ఎదిగావు. ఎదిగినవాడు వెనక్కి జరగాలి. అంతకంటే ఏముందిరా అందులో అవమానం?"

అప్పుడు తాత, స్టేజి వైపు చూపు తిప్పకుండానే అన్నాడు. "ఆ రోజు నా పక్కనే కూర్చున్నావు కదరా బుడంకాయ్. చెరుకు ముక్క కూడా పంచుకున్నాం. రాక్షసుడి గడ్డం ఊడొచ్చినప్పుడు అందరికంటే ముందు చూసింది మనిద్దరమే."

గడ్డం అధ్యక్షుడికీ గుర్తొచ్చినట్టుంది. కానీ ఇంతమంది ముందు నవ్వితే అధ్యక్షుడెలా అవుతాడు? "ఈ ఒక్క పూటకి సోఫాలు వెనక్కి తియ్యండి" అని రేవువాళ్ళకి చెప్పి, మామ్మ వైపు తిరిగాడు. "రేపటి నించి మీ కుర్చీలు సంఘానికి అక్కర్లేదు."

"సంతోషం" అంది మామ్మ. బొడ్లోంచి పసుపుపచ్చ తాడు తీసి, ఇద్దరు కుర్రాళ్ళకి చెరో కొస ఇచ్చి పట్టుకోమంది. మాటిచ్చిన మనిషి దాన్ని ఒంటి మీద ఎందుకు పెట్టుకొచ్చిందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పొడుగువాళ్ళు సోఫాలెత్తుకుని వెనక్కి నడిచారు. చిన్నది తాడు కింద నించి దూసుకెళ్ళింది. మధ్యవయసు మనిషి ఒకాయన మెల్లిగా మోకాళ్ళు మడిచాడు. "ఓ పెద్దాయనా, ఆ మోకాళ్ళు నాకు కనబడుతున్నాయి!" అంది మామ్మ. రాజుకి మాట గుర్తొచ్చింది. నాటకం మళ్ళీ మొదలైంది.

అన్నమాట ప్రకారమే కుర్చీలు షెడ్డుకొచ్చి చేరాయి. ఇంట్లో కూతురు గిన్నెలు ఎత్తి పడేస్తోంది. "తాడో పేడో తేల్చుకున్నావుగా! పేడు వాళ్ళు పట్టుకెళ్ళారు, తాడు మనకి మిగిలింది. దాన్నే వండమంటావా?"

"వండకు, నాకు పనుంది" అంది మామ్మ.

ఆ వారం పక్క ఊళ్ళో పాటల పోటీ. కుర్చీలు వేరేవాళ్ళవి. తెల్లగా, కొత్తగా మెరుస్తున్నాయి. ముందు సోఫాలు లేవు గానీ, ఒక వరస కుర్చీలకి ఎర్ర గుడ్డ కట్టారు. మామ్మ, తాత బస్సు దిగి, చంకలో రెండు కర్రలతో ఇసుకలో నడిచొచ్చారు. ఎవరి అనుమతీ అడగలేదు. తాత కర్రలు పాతాడు. మామ్మ తాడు కట్టి పక్కన నిలబడింది. కుర్చీలు తనవి కావు, పనీ తనది కాదు. అయినా పిల్లలు వచ్చి వరసగా నిలబడ్డారు. వాళ్ళ వెనక ముసలమ్మలు. వాళ్ళ వెనక, తాడు తగులుతుందని తెలిసినా ఓసారి ప్రయత్నిద్దామనుకునే పెద్దవాళ్ళు.

అధ్యక్షుడు దూరం నించి చూశాడు. జనాన్ని చూశాడు, ఎర్ర గుడ్డ వరసని చూశాడు, చివరికి తనే నడిచొచ్చాడు. తాడు సరిగ్గా ఆయన చొక్కా రెండో గుండీకి తగిలింది.

"కుర్చీల పని మాత్రం ఇవ్వను మామ్మా."

"నిన్నెవరడిగారు? తాడు తగులుతోంది. వెనక్కి."

ఆయన ఒకసారి మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. మామ్మ కూడా వాటి వైపే చూసింది. అధ్యక్షుడు వెనక్కి తిరిగి, వరసలన్నీ దాటుకుంటూ వెళ్ళాడు. చిట్టచివర తాత, పక్క కుర్చీ మీద పెట్టిన గొడుగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.