పురుగుల ఇంటికి నేను కట్టుకెళ్లిన చీర

2022లో నేను హోసూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్‌ని. జైలు నుంచి విడుదలైన ఆడవాళ్లు మళ్లీ ఇంట్లో, ఊళ్లో కుదురుకునేదాకా తోడుండటం మా పని. దాన్ని ఆఫ్టర్‌కేర్ అంటారు. పేరు గొప్పగా ఉంటుంది గానీ పనంతా బస్సుల్లో తిరగడం, గుమ్మాల ముందు నిలబడి బతిమాలడమే.

ఈమెను రత్న అంటాను. అసలు పేరు వేరు. భర్త చావు కేసులో ఏడేళ్లు జైల్లో ఉండి వచ్చింది. లోపలికి వెళ్లేనాటికి కూతురు శశికి అయిదేళ్లు. కెలమంగలం పక్క పల్లెలో రత్న అన్న నాగరాజప్ప, వదిన పార్వతమ్మ ఆ పిల్లను పెంచారు. చూడటానికి వెళ్తే శశి ఎవరో చుట్టాన్ని అడిగినట్టు కన్నతల్లిని "మీరు తిన్నారా" అని అడిగేది. అయినా రత్న నన్ను కోరింది ఒక్కటే, కూతురున్న ఇంట్లో ఉండాలని.

మూడు నెలలు వాళ్లింటి చుట్టూ తిరిగాను. చివరికి పార్వతమ్మ తల ఊపింది. "ఉండనీండమ్మా. పురుగుల పని దానికి బాగా తెలుసు. అయితే దాని చెయ్యి పడినాక పంటకు ఏమన్నా అయిందంటే, ఇంగ ఈడ ఉండేదానికి లేదు."

వాళ్లది పట్టుపురుగుల పెంపకం. ఆ ఇళ్లలో పట్టింపులు ఎక్కువ. పురుగులున్న షెడ్డులోకి బయటివాళ్లను మామూలుగా రానివ్వరు. రానిచ్చినా తలుపు దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లూ చేతులూ ముంచాలి. పంట పోతే ముందు రోగమేమిటని చూడరు, ఎవరొచ్చారని చూస్తారు.

నెల దాటాక హోమ్ విజిట్‌కి వెళ్లాను. ఇంటికి వెళ్లి మనిషి ఎలా ఉందో చూసి రావడమే హోమ్ విజిట్. మాకు శిక్షణలో ఒక మాట నూరిపోశారు, ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగితే ఎవరూ నోరు విప్పరు, వాళ్ల పనిలో చెయ్యి కలపండని. నాకు ఆ పద్ధతంటే గర్వం కూడా. ఆ రోజు పొద్దున గులాబీ తోటలో పనిచేసే ఇంకొకామెను చూసి, ఆమెతో కలిసి మొక్కల మధ్య గంటసేపు పూలు కోసి, అటునుంచి అటే రత్న దగ్గరికి వచ్చాను.

నన్ను షెడ్డు తలుపు దగ్గర చూసి రత్న తడబడింది.

"మేడమ్, ఇంట్లో కూర్చోండి. నేనే వస్తాను."

"పని ఆపొద్దు. నేనూ మేత వేస్తాను" అన్నాను.

కాళ్లూ చేతులూ ముంచాను. మల్బరీ ఆకు కొంగులో పోసుకుని ఎడమవైపు తట్టలన్నింటికీ నేనే మేత వేశాను. పురుగులు నాలుగో జ్వరం దాటి ఉన్నాయి. పొర విడిచే దశను అక్కడ జ్వరమంటారు. ఇంకో అయిదారు రోజుల్లో గూళ్లు కట్టాల్సినవి. అవి ఆకు తింటుంటే షెడ్డంతా వాన కురుస్తున్న చప్పుడు. రత్న ఆ రోజు మొదటిసారి నవ్వింది. "నిన్న శశికి జడేసినాను మేడమ్. ఊరికే కూర్చునింది, ఏమీ అనలేదు" అంది.

మర్నాడు పొద్దునే ఫోన్ చేసింది. "పురుగులు పసరు కక్కుతా ఉండాయి మేడమ్. తలకాయ పైకెత్తి కొట్టుకుంటా ఉండాయి."

"అన్నీనా?"

"లేదు. ఎడమ పక్కవే."

ముందురోజు నేను వెళ్లిన పొద్దునే గులాబీలకు పురుగుమందు కొట్టారు. ఆకులు తడిగా ఉండటం నేను చూశాను. చేతులు కడిగాను గానీ కొంగు సంగతి తట్టనే లేదు. ఆ కొంగులోనే మేత మోశాను.

అప్పుడే చెప్పి ఉండాలి. చెప్పలేదు. నాగరాజప్ప మళ్లీ గుమ్మం ఎక్కనివ్వడేమో, సంస్థ పేరు పోతుందేమో, ఇంత కష్టపడి కుదిర్చింది చెడుతుందేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను, అంతే. "సోమవారం వచ్చి మాట్లాడతాను" అన్నాను. అది గురువారం.

సోమవారం వెళ్లేసరికి రత్న బట్టల సంచితో కెలమంగలం బస్టాపులో కూర్చుని ఉంది. ఆ పొద్దునే ఇంట్లోంచి పంపేశారట. నన్ను చూసి లేచి నిలబడింది. ఆమెను అక్కడే ఉండమని, నేను ఇంటికి వెళ్లి అన్నావదినల ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. తోట, మందు, కొంగు, అన్నీ.

నాగరాజప్ప ఓపికగా విన్నాడు. "మీది పెద్ద మనసమ్మా. దానికోసరం నేరం మీ నెత్తిన వేసుకుంటా ఉండారు."

"కాదప్పా, నిజంగానే నా వల్లే."

"నిజమైతే ఆ పొద్దే చెప్పుండరా?" అంది పార్వతమ్మ. కోపంగా కూడా అనలేదు. శశి ఆమె వెనకాల నిలబడి ఉంది. బయటికి రాలేదు.

తిరిగి బస్టాపుకొచ్చి రత్నకు కూడా అంతా చెప్పాను. ముఖం చెల్లక నేల చూస్తూ చెప్పాను.

"తెలుసు మేడమ్. మీ చీరలో మందు వాసన ఆ పొద్దే వచ్చింది."

"మరి నన్నెందుకు ఆపలేదు?"

"మీరు నాకోసరం వచ్చినారు. పక్కన కూర్చున్నారు. లేసి పొమ్మని ఎట్ల చెప్పేది?"

"తర్వాతైనా వాళ్లకు చెప్పొచ్చు కదా?"

"జైలుకు పోయొచ్చినదాని మాట ఎవరు నమ్ముతారు? మీరు చెప్తే నమ్ముతారు. అందుకే మీకు ఫోన్ చేసినాను."

ఇప్పుడు ఆమె జూజువాడిలో లారీ డ్రైవర్లు తినే చిన్న హోటల్లో వంట చేస్తోంది. శశిని చూడటానికి వెళ్తే పార్వతమ్మ వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడిస్తుందట. ఆమెను మళ్లీ ఇంట్లో ఉండనివ్వమని నేను రెండుసార్లు వెళ్లి అడిగాను. కాఫీ ఇచ్చి మర్యాదగా పంపేశారు.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. మీ వల్ల తప్పు జరిగితే ఆ పూటే చెప్పండి అంటాను. మన మాటకు ఊళ్లో ఒక విలువ ఉంటుంది, మన దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు అది ఉండదు, ఆ ఒక్క సాయం కోసమే వాళ్లు మనల్ని పిలుస్తారు అంటాను. గురువారం నుంచి సోమవారం దాకా రత్న ఆ ఇంట్లో మాటలు పడుతూ, నేను చెప్తానని ఎదురుచూసింది.