ఇంకా దిగని వేడి

స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎప్పుడొస్తుందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ మైకు ఆగదు. కూర తరుగుతూ, జడ వేసుకుంటూ, ఆఖరికి ఆవలిస్తూ కూడా మాట్లాడుతూనే ఉంటుంది. అలాంటి మనిషి ఈమధ్య పొద్దున్నే, మంచం దిగకముందే, థర్మామీటరు నాలుక కింద పెట్టుకుని బొమ్మలా పడుకుంటోంది. బిడ్డ కోసం ఎదురుచూస్తున్న ఆ దంపతులకి డాక్టరమ్మ చెప్పిన కిటుకది. అండం విడుదలయ్యాక ఒంటి వేడి రవ్వంత పెరుగుతుంది. నెల తప్పితే అలాగే నిలుస్తుంది, లేకపోతే దిగిపోతుంది. దిగిన రోజున ఆవిడ "ఈ బండీ లేటేనండోయ్!" అని నవ్వేస్తుంది గానీ, స్నానాల గదిలో కుళాయి మాత్రం చాలాసేపు పారుతుంది.

థర్మామీటరు నోట్లో ఉన్న ఆ కాస్త మౌనమూ మొగుడికి పండగే. "ఇప్పుడు అడ్డురాలేవుగా, విను!" అంటూ మంచం అంచున చేరి, ముందురోజు ఆఫీసు కబుర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. ఆవిడ కనుబొమలెగరేస్తే అవునని, ముక్కు చిట్లిస్తే కాదని అర్థం. ఇవాళ థర్మామీటరు కీచుమనగానే అలవాటుగా మాట ఆపి ఆవిడకి దారిచ్చాడు. వేడి దిగాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది; అయినా దిగలేదు. ఆవిడ చూసిందే మళ్లీ చూసింది.

"ఏంటే, మాట్లాడవేం?"

ఆవిడ గొంతు సవరించుకుంది. "దయచేసి వినండి..." అని మైకులో చెప్పినట్టే మొదలుపెట్టింది. అక్కడితో ఆపి, థర్మామీటరు మొగుడి చేతిలో పెట్టింది.

"బండొస్తోందా?" అన్నాడు మెల్లగా.

ఆవిడ రెండు కనుబొమలూ నుదుటి మీదికి ఎగిరాయి.