దొండపందిరి కిందికి వచ్చిన కుర్రాడు

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, బెజవాడలో కూరగాయల ధర వింటేనే గుండె గుభేలుమనేది. అందుకని మా నాన్న గుమాస్తాగా పనిచేసే కాలేజీవారు హాస్టల్ వెనక ఖాళీ నేలను మడులుగా చేసి, విద్యార్థులకూ సిబ్బంది కుటుంబాలకూ పంచారు. మా మడిని నాయనమ్మ చూసుకునేది. పక్క మడి కాలేజీ బంట్రోతు సాయిబుగారి భార్యది. ఆమెను నేను బూబమ్మత్త అనేదాన్ని. బావినీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి, వాళ్లిద్దరూ పలకరించుకోవడం మానేశారు.

ఆ ఏడు కాలేజీ కుర్రాళ్లు తెల్లవాళ్లు దేశం వదిలిపోవాలంటూ క్లాసులు మానేసి ఊరేగింపులు తీస్తున్నారు. ఒక మధ్యాహ్నం వీధిలో కేకలు, లాఠీల చప్పుడు. అంతలో హాస్టల్ కుర్రాడొకడు గోడ దూకి వచ్చి మా దొండపందిరి కింద కూలబడ్డాడు. నుదుటి నిండా నెత్తురు. నాయనమ్మ అతని చొక్కా విప్పించి ఎండుటాకుల కింద దాచేసింది. బూబమ్మత్త పరుగున వచ్చి, దెబ్బ కనపడకుండా పాతగుడ్డ తలపాగాలా చుట్టి, పేడతట్ట ఎత్తి అతని నెత్తిన పెట్టింది.

ఇద్దరు పోలీసులు లోపలికి వచ్చారు. అందులో పెద్దాయన తిన్నగా నా దగ్గరకే వచ్చి వంగాడు.

"ఏం పాపా, ఇటెవరన్నా వచ్చారా?"

నా చూపు ఆ తట్టవైపు పోకుండా ఆపుకోవడమే గగనమైంది.

"చంటిపిల్లనడుగుతారేం బాబూ, నన్నడగండి!" అంటూ నాయనమ్మ అడ్డం వచ్చింది. "నా వంకాయలన్నీ ఈవిడ కోసుకుపోయింది. మీరే న్యాయం చెప్పండి!"

"మీ పుచ్చు వంకాయలు నాకెందుకండీ? నా వంతు నీళ్లు తోడేసుకుంది మీరు కాదూ?" అని బూబమ్మత్త అంతకంటే గట్టిగా అందుకుంది.

పోలీసాయన ఆపమన్నా ఎవరూ వినలేదు. ఆ గొడవలోనే నాయనమ్మ గిరుక్కున తిరిగి, "నోరు తెరుచుకుని చూస్తావేంరా? ఆ పేడ అవతల పోసి రా!" అని కుర్రాణ్ణి కసిరింది. అతను కదిలాడు. తట్ట దగ్గరకు వచ్చేసరికి రెండో పోలీసు ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నాడు. కుర్రాడు వెనక గేటు దాటి కాలవగట్టు ఎక్కడం ఓరకంట చూశాను.

పోలీసులు విసుక్కుంటూ వెళ్లిపోయాక నాయనమ్మ గట్టుమీద చతికిలబడింది. చేతులు గజగజ వణుకుతున్నాయి. బూబమ్మత్త వచ్చి ఆ చేతులు పట్టుకుంది. చూస్తే, ఆవిడ చేతులూ వణుకుతున్నాయి.

"భయమేసిందా నాయనమ్మా?" అన్నాను.

"వెయ్యకేమే! ప్రాణం పోయిందనుకున్నాను."

ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడో మాకు తెలియలేదు. అంతవరకూ ధైర్యమున్నవాళ్లకు భయమే ఉండదనుకునేదాన్ని. ఇంత వయసొచ్చినా, నలుగురిలో ఒకరి పక్షాన నోరు విప్పాల్సి వస్తే నా మోకాళ్లు వణుకుతాయి. ఆ వణుకు తగ్గాక మాట్లాడదామని మాత్రం ఆగను.