జరీ అంచు స్పోర్ట్స్ కారు

ఒక్క చీర కోసం రోజులకు రోజులు కూర్చునే ఓపిక నాకు లేదని, గద్వాల్లో మా నాన్న మగ్గానికి మొహం చాటేసినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి మొన్న ఎండాకాలంలో జానెడు ప్లాస్టిక్ కారు ముందు మూడు వారాలు కదలకుండా కూర్చున్నాను. అది పాతకాలపు స్పోర్ట్స్ కారు నమూనా. ముక్కలు అతికించి, గరుకు కాగితంతో రుద్ది, ఎర్రరంగు నాలుగు పూతలు వేశాను. ఇక మిగిలింది నడుమ పొడుగునా ఒక తెల్లచార. టేపు అంటించి, రంగు కొట్టి, టేపు పీకితే తెలుపు కాస్తా ఎరుపులోకి పాకింది. చార రెండు పక్కలా ఎలుక కొరికినట్టు తయారైంది. ఆ టేపును నోటికొచ్చినట్టు తిట్టాను.

నా అరుపులకు నాన్న మగ్గం గుంటలోంచి లేచొచ్చి, కారును తిప్పి తిప్పి చూశాడు.

"రెండు రంగులు కలిసేకాడ గిట్ల చేస్తే సేటు చీరను మొఖం మీద కొడ్తడు."

"ఇది చీర కాదు నాయినా, కారు."

"ఎర్కే. గందుకే ఇంక తిడ్తలేను."

అని, రెండు జరీ పోగులు తెచ్చి, నా జిగురుతోనే చారకు అటూ ఇటూ అంటించాడు. వంకర మాయమైంది.

ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాడూ నా ఎరుపును వదిలేసి అంచును మెచ్చుకుంటాడు. నాన్న నవ్వకుండా చెప్తాడు:

"బండి మావోడే నేసిండు. మూడు వారాలు పట్టింది. గంతల నేనైతే మూడు చీరలు నేస్తుంటి."